గంధము ఎవరి కొరకు?

దేవాలయమునకు వచ్చువారు ఘాటైన అత్తరులు పూసికొని రావచ్చునా అను ప్రశ్న పైకి స్వల్పముగా తోచును. నెల్లిమర్ల మీదుగా రామతీర్థమునకు సాగు భక్తజనములో దీనిపై రెండు పక్షములు వినవచ్చును. "ఇది భోగలక్షణము, సాధకునకు తగదు" అని పెద్దలందురు. "స్వామికే గంధము ప్రీతికరము గదా, మనకేల నిషేధము?" అని యువకులందురు. ఈ రెండు పక్షములును గంధమును బాహ్యవస్తువుగానే చూచుచున్నవి. ఆ గంధము ఎవరి కొరకు అని ఒక్క అడుగు లోనికి వేసి విచారించినచో, ఈ స్వల్పప్రశ్నయే సాధనకు ద్వారమగునని నా అభిప్రాయము.

మొదట ఆ ద్రవ్యస్వరూపమును చూతము. ఉత్తరదేశమున కన్నౌజ్ నగరము అత్తరులకు ప్రసిద్ధము. అక్కడ 'శమామా' అనునది సంకీర్ణగంధములలో పేరెన్నికగన్నది. లవంగములు, ఏలకులు, జాజికాయ, జాపత్రి, కుంకుమపువ్వు, జటామాంసి, తుంగముస్తలు, రాతిపువ్వు మొదలగు ద్రవ్యములను రాగిపాత్రలో నీటితో ఉడికించి, ఆ ఆవిరిని వెదురుగొట్టము ద్వారా మరియొక పాత్రలోని చందనతైలమునకు చేర్చుదురు. ఏ ద్రవ్యము ఎంత పాలు అనునది ఆయా కుటుంబములు గోప్యముగా కాపాడుకొను విద్య.

అట్టి అత్తరును ఒక్క బొట్టు మణికట్టున పూసికొని, ఇతర వ్యాపారములు మాని, దానిని గమనించుచు కూర్చుండుడు. తొలి క్షణములలో ఏలకుల చురుకుదనము ముందుకు వచ్చును. కొంతసేపటికి అది తగ్గి, లవంగము, జాజికాయల వెచ్చదనము పైకి లేచును. ఒకటి రెండు గడియలు గడచిన పిదప అవియును సన్నగిలి, చందనము, జటామాంసి అడుగున మిగులును. తేలికయైన అణువులు శీఘ్రముగా ఆవిరియగుటయు, బరువైనవి చర్మమున నిలుచుటయు దీనికి కారణము. ఉదయము పూసికొనినదియు సాయంకాలము మిగిలినదియు ఒకటి కాదు. అయినను "నా అత్తరు" అని మనము ఏకవచనముననే వ్యవహరింతుము.

మరియొక విశేషము గలదు. లవంగమునందును మిరియమునందును మనము 'ఘాటు' అనునది కేవలము వాసన కాదు. నాసికలో గంధమును గ్రహించు నాడి వేరు, మంటను, చురుకును, చల్లదనమును గ్రహించు నాడి వేరు అని ఆధునిక శరీరశాస్త్రము నిరూపించినది. శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, ఘ్రాణేంద్రియవిషయము కొంత, త్వగింద్రియవిషయము కొంత కలిసి 'ఘాటు' అను ఒక్క అనుభవముగా తోచుచున్నది. రెండు ఇంద్రియములు తెచ్చిన దానిని ఒకటిగా కూర్చునది మనస్సే.

ఇచ్చట మన నైయాయికుల సూక్ష్మదృష్టిని స్మరింపక తప్పదు. గంధము పృథివికి విశేషగుణమనియు, అది సురభి, అసురభి అని ద్వివిధమనియు ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున నిరూపించెను. రూపవిషయమున చిత్రరూపము, అనగా పలువన్నెల కలయికయైన ప్రత్యేకవర్ణము, గలదని అంగీకరించిన ఆ శాస్త్రమే గంధవిషయమున 'చిత్రగంధము' అను మూడవ భేదమును చెప్పలేదు. నానావిధ రసములు గల అవయవములతో ఏర్పడిన అవయవికి ప్రత్యేకముగా ఒక రసము లేకపోయినను దోషము లేదనియు, అచ్చట గ్రహింపబడునది అవయవముల రసమేననియు విశ్వనాథ న్యాయపంచాననుడు సిద్ధాంతముక్తావళిలో వివరించెను. ఇదే న్యాయమును మన అత్తరునకు అన్వయించి చూడుడు. లవంగమునకు గంధము కలదు, చందనమునకు గంధము కలదు. 'అత్తరు గంధము' అను వేరొక వస్తువు లేదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణమున, పదునారు ద్రవ్యములలో నాలుగేసి చొప్పున గ్రహించినచో 1820 కూర్పులు వచ్చునని గణించెను. ద్రవ్యములు పదునారే, పేర్లు మాత్రము వేలు.

సాధకునకు ఇందలి పాఠము స్పష్టము. దేహము, ప్రాణము, ఇంద్రియములు, మనస్సు, స్మృతులు వీని కూర్పును 'నేను' అని ఏకవచనమున పిలుచుచున్నాము. ఆ కూర్పు ఉదయమున ఒక తీరుగను, సాయంకాలమున వేరొక తీరుగను ఉండును. విడదీసి చూచినచో అవయవములు దొరకును గాని అవయవియైన 'నేను' దొరకదు. ఐనను మారుచున్న గంధములను మారక గమనించినది ఒకటి కలదు గదా! ఏలకుల చురుకుదనము పోయినదనియు, చందనము మిగిలినదనియు ఎరిగినది ఏదో, దానిని విచారించుటయే వేదాంతము.

ఇక అసలు విషయమునకు వత్తము. అత్తరు పూసికొనిన వానికి కొంతసేపటిలో దాని వాసన తెలియకపోవును. విడువక ఒకే గంధము తగులుచుండగా ఘ్రాణేంద్రియము దానిని గణించుట మానివేయును. చెంతనున్నవారికి మాత్రము అది పరిపూర్ణముగా తెలియుచుండును. కాగా పూసికొనినవాడు భోక్త కాడు, ఇతరులు కోరకయే భోక్తలగుచున్నారు! తనకు తెలియుటలేదని వాడు మరికొంత పూసికొనును. విషయసుఖముల గతి యంతయు ఇందే కలదు. అనుభవము మొద్దుబారుకొలది మాత్ర పెరుగును, మాత్ర పెరుగుకొలది చెంతనున్నవారికి బాధ పెరుగును. పర్వదినములలో ఇరుకైన వరుసయందు గంటలకొలది నిలుచు వృద్ధులకును, ఉబ్బసముతో బాధపడువారికిని ఘాటైన అత్తరు ఊపిరాడనీయని కష్టము. పరులకు కష్టము కలిగించు అలంకారమును ధరించి శ్రీరామచంద్రుని ఎదుట నిలుచుట శోభింపదు.

"మరి శాస్త్రమే గంధమును ఆదరించినది గదా" అను ఆక్షేపమునకు సమాధానము చెప్పవలెను. ఆదరించినది, నిజమే. పంచోపచారములలో గంధము పృథివీతత్త్వమునకు ప్రతినిధి. భూమియందలి పుణ్యగంధము తానేనని గీతాచార్యుడు సెలవిచ్చెను. అదే ధర్మశాస్త్రము బ్రహ్మచారికి గంధమాల్యములను నిషేధించినది. రామతీర్థమున గురుభక్తులకొండపై బౌద్ధవిహారముల శిథిలములును, దుర్గకొండపై జైనమూర్తులును నేటికిని కానవచ్చును. ఆ భిక్షువులు గంధవిలేపనములను వ్రతముగా విడిచినవారు. ఆ కొండల నీడనే నేడు శ్రీరామస్వామికి నిత్యము గంధోపచారము జరుగుచున్నది. ఒకే నేలపై త్యాగమును, సమర్పణమును నిలిచినవి. ఇది విరోధము కాదు. విడుచుట, అర్పించుట అను రెండింటియందును "ఇది నాది" అను భావమే తొలగుచున్నది.

భాగవతమున మథురానగరమందలి కుబ్జ కథ దీనికి ఉత్తమోదాహరణము. ఆమె కంసుని కొరకు అనులేపనములు సిద్ధపరచు పరిచారిక. దారిలో కృష్ణుడు కోరగా, రాజుకై తీసికొనిపోవుచున్న ఆ గంధమును ప్రీతితో ఆయనకు అర్పించెను. ఆమె వక్రదేహము ఋజువైనది. లేపనము మారలేదు, ఎవరి కొరకు అనునది మారినది. ఉద్ధవుడును అట్లే, స్వామి ధరించి విడిచిన గంధమాల్యములను ధరించి మాయను జయింతుమని పలికెను. కావున దర్శనమునకు వచ్చునపుడు అత్తరు మానుడు. సన్నిధిలో లభించిన గంధప్రసాదమును నుదుట ధరింపుడు. గృహమునందు సుగంధద్రవ్యమును వాడదలచినచో, మొదట దేవునికి సమర్పించి, శేషమును అల్పముగా గ్రహింపుడు. భోగమును ప్రసాదముగా మార్చుట ఇదియే.

ఇంకొక మాట చెప్పుట అవసరము. నెల్లిమర్ల యనగానే జూటుమిల్లు స్ఫురించును. నారకును, దానిని మెత్తపరచు నూనెకును ఒక వాసన కలదు. గోగునారను నీట ఊరవేసినపుడు లేచు దుర్గంధము ఈ ప్రాంతపు పల్లెలన్నింటికిని పరిచితమే. అట్టి శ్రమ చేసి, ఆ వాసన వస్త్రములనంటి యుండగానే రాముని చూడవచ్చినవాని ప్రక్కనుండి అత్తరు పూసికొనినవాడు ముఖము త్రిప్పుకొనినచో, ఆ ఇరువురిలో శుచి ఎవరు? సురభి, అసురభి రెండును పృథివీగుణములే యని శాస్త్రము చెప్పినది. చెమటను అసహ్యించుకొనుటకు అత్తరు సాధనమైనచో, అది సుగంధమే కాదని నేను దృఢముగా తలంతును.

మన భాషలో 'వాసన' అను పదమునకు పరిమళమనియు, జన్మాంతరసంస్కారమనియు రెండర్థములు గలవు. నీటి స్పర్శచే దుర్గంధము పట్టిన అగరు, రాపిడిచే స్వీయపరిమళమును వెలువరించునట్లు, అనాత్మవాసనలు తొలగినపుడు ఆత్మవాసన స్ఫుటమగునని వివేకచూడామణి బోధించుచున్నది. క్రొత్త పరిమళమును పైన పూయుట వేరు, పట్టిన మాలిన్యమును రాపిడిచే తొలగించుట వేరు. సాధన యనునది రెండవది.

ఈ తత్త్వమును ఉత్తరాంధ్రులకు సింహాద్రి అప్పన్న ఏటేటా ప్రత్యక్షముగా చూపుచున్నాడు. నాలుగు విడతలుగా పండ్రెండు మణుగుల చందనము, ఇంచుమించు 500 కిలోలు, ఆ స్వామికి సమర్పింపబడును. సంవత్సరమంతయు ఆ గంధమునకే మ్రొక్కుదుము. అక్షయతృతీయనాడు మాత్రము చందనమును ఒలిచిన పిదప నిజరూపదర్శనము. అంతటి పవిత్రగంధము సైతము ఒకనాడు తొలగవలసినదే యైనప్పుడు, మన మణికట్టు మీది అత్తరు మాట ఏమి? పూసికొనునపుడెల్ల "ఇది ఎవరి కొరకు?" అని ఒక్కసారి ప్రశ్నించుకొనుడు. ఆ ప్రశ్న నిలిచినచో అత్తరును మీకు గురుస్థానీయమగును.

సర్వం శ్రీరామచంద్రార్పణమస్తు.