కాలరీల యాప్ ఎందుకు వద్దంటున్నానంటే

సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి, జురాంగ్ ఈస్ట్‌లో తెలిసిన తెలుగువాళ్ళు నన్ను అడుగుతుంటారు: "మావాడు దిగులేస్తే చాలు తింటూనే ఉంటాడు. కాలరీలు లెక్కపెట్టే మంచి యాప్ ఏదైనా చెప్పండి." వద్దనే చెబుతాను.

లెక్కలతో ఏమవుతుందో సింగపూర్‌కి అనుభవమే. ఇక్కడి బడుల్లో 1992లో 'ట్రిమ్ అండ్ ఫిట్' పథకం మొదలైంది. ఎత్తూ బరువూ కొలిచి, లావు పిల్లలను వేరుచేసి అదనంగా వ్యాయామం చేయించేవారు. ఆ పేరులోని పొడి అక్షరాలు టి.ఎ.ఎఫ్.; తిరగేస్తే 'ఫ్యాట్'. తోటిపిల్లలు ఊరుకుంటారా? లావు పిల్లల శాతం తగ్గింది గానీ, వెక్కిరింతలూ మిగిలాయి. 2007లో ఆ పథకాన్ని ఎత్తేసి, మనసుని కూడా కలుపుకున్న మరో పద్ధతి తెచ్చారు.

మన ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, తిండి ఇక్కడ ఎర్రర్ మెసేజ్ మాత్రమే. బగ్ వేరేచోట ఉంది. పరీక్షలో మార్కులు తగ్గిన రాత్రి పిల్లాడు చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేస్తే, యాప్ కాలరీలు చూపిస్తుంది, కారణం చూపించదు. ఎర్రంకె చూసి సిగ్గుపడి, ఆ బాధతో మళ్ళీ తింటాడు.

రాయాలనుకుంటే వాడే ఒక నోటుబుక్కులో రాసుకోనివ్వండి: ఇది ఆకలా, దిగులా? అంతకుముందు ఏం జరిగింది? మీరు తనిఖీ చెయ్యకండి. భోజనం మాన్పించకండి, కడుపు మాడితే తర్వాత మరీ ఎక్కువ తింటారు. నలుగురిలో లావు మాట ఎత్తకండి. దాచుకుని తింటున్నా, ఆపుకోలేకపోతున్నా, తిన్నది కక్కేస్తున్నా మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించండి.