"గిరిజన – గిరిజనేతర" టాపిక్ తీసుకునే ముందు ఒక్క మాట



ఎంఏ సైకాలజీ, ఎంఎడ్, ఎంఎస్‌డబ్ల్యూ చదివే మన అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఈ రోజుల్లో డిసర్టేషన్ టాపిక్ కోసం గైడ్ల గదుల చుట్టూ తిరుగుతుంటారు. మేమూ తిరిగాం. మేం ముగ్గురం. ముగ్గురం ఆశ్రమ పాఠశాలల్లో చదివి పీజీకి పట్నం వచ్చినవాళ్లమే. గైడ్ సార్ మా అప్లికేషన్లు చూసి (కులం కాలమ్ చూడలేదని ఆయన అంటారు, సరే) అరనిమిషంలో టాపిక్ చెప్పేశారు: "గిరిజన, గిరిజనేతర విద్యార్థుల ప్రజ్ఞ – తులనాత్మక అధ్యయనం."

"మీకైతే చాలా సులువయ్యా. మీ ఊరి వైపు ఒక ఆశ్రమ స్కూలు, ఇక్కడ పట్నంలో ఒక స్కూలు. టెస్టు రెడీగా ఉంది. చెరో యాభై మందికి ఇవ్వండి, టి-టెస్ట్ వేయండి, అయిపోయింది" అన్నారు. మనిషి మంచివాడే. మాకు పని తగ్గించాలనే చెప్పారు.

మేం చెప్పేది ఏంటంటే, ఆ టాపిక్ తీసుకోకండి. మాకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, కోపం పక్కన పెట్టి చూసినా అసలు లోపం దాని డిజైన్‌లోనే ఉంది.

ప్రయోగం అంటే పరిశోధకుడు ఏదో ఒకటి తన చేత్తో మార్చాలి, ఆ మార్పు ఎవరికి పడుతుందో చీటీ తీసి తేల్చాలి. అరవై మంది పిల్లలుంటే అరవై చీటీలు డబ్బాలో వేసి, ముప్పై మందికి ఒక రకం, ముప్పై మందికి ఇంకో రకం. అప్పుడు తెలివైనవాళ్లు, ఆకలితో వచ్చినవాళ్లు, రాత్రి నిద్రలేనివాళ్లు, అందరూ రెండు వైపులా దాదాపు సమానంగా పడతారు. ఆ తర్వాత తేడా వస్తే అది మనం మార్చినదాని వల్లే వచ్చిందని ధైర్యంగా చెప్పొచ్చు.

కానీ "నువ్వు ఈరోజు నుంచి కోయ, నువ్వు కాదు" అని ఎవరూ చీటీ తీయలేరు కదా. ఆశ్రమ స్కూల్లో కూర్చున్న పిల్లతో పాటు ఆమె ఇంటి భాష వస్తుంది, రెండేళ్లుగా ఖాళీగా ఉన్న టీచర్ పోస్టు వస్తుంది, వానాకాలంలో జ్వరంతో పోయిన బడి రోజులు వస్తాయి, చదువురాని అమ్మానాన్నలు వస్తారు. ఇవన్నీ కలిపి ఒకే మార్కు. ఆ మార్కుకు మనం పెట్టే పేరు మాత్రం "గిరిజన". చివరి చాప్టర్‌లో ఏం రాస్తాం? "గిరిజన విద్యార్థులలో ప్రజ్ఞ తక్కువగా ఉన్నట్లు కనుగొనబడింది." ఆ వాక్యం రాసేది మనమే, మన చేత్తోనే. తర్వాత ఇంకో విద్యార్థి దాన్ని లిటరేచర్ రివ్యూలో ఎత్తి రాసుకుంటాడు. అప్పటికి ఖాళీ టీచర్ పోస్టు సంగతి ఎవరికీ గుర్తుండదు.

అంతరాన్ని కొలవొద్దని మేం అనడంలేదు. లెక్కలు లేకుండా ఐటీడీఏ ముందు నిలబడి ఏం అడుగుతాం? కొలవండి. కానీ అది సర్వే. సర్వే అనే రాయండి, అందులోంచి కారణం లాగకండి.

మరి ఏ డిజైన్ తీసుకోవాలి? మాకు కళ్లు తెరిపించినవి రెండు పరిశోధనలు. రెండూ మన దేశంలో జరిగినవే.

మొదటిది ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే చేసింది, 2004లో బయటికొచ్చింది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, అగ్రకులాల వాళ్లు 321 మంది, దళితులు 321 మంది. పని చాలా మామూలుది. కాగితం మీద చిక్కుదారుల బొమ్మలు ఇస్తారు, దారి కనుక్కోవాలి. ఒక పద్ధతిలో సరిగ్గా చేసిన ఒక్కోదానికి రూపాయి. కొన్ని గుంపుల్లో పిల్లల కులం ఊసే ఎత్తలేదు. మరికొన్ని గుంపుల్లో పని మొదలయ్యే ముందు ఒక్కో పిల్లాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం అందరిముందూ చదివారు. ఊసెత్తని చోట రెండు కులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. చదివి వినిపించిన చోట దళిత పిల్లలు స్పష్టంగా వెనకబడ్డారు.

హాస్టల్‌లో చదివిన వాళ్లకు ఇది వేరే చెప్పాలా? స్కాలర్‌షిప్ ఫారాల రోజు "ఎస్టీ వాళ్లంతా లేచి నిలబడండి" అంటే క్లాసులో లేచి నిలబడిన అనుభవం మనలో ఎందరికి లేదు! ఆ తర్వాతి పీరియడ్‌లో మనం ఎలా చదివామో ఎవరూ కొలవలేదు.

ఇక్కడ చూడాల్సింది ఆ ఇద్దరి ఎంపిక. వాళ్లు కూడా కులాన్ని చీటీతో పంచలేదు, పంచడం కుదరదు. వాళ్ల చేతిలో ఉన్నది, వాళ్లు మార్చింది "చదివి వినిపించడం" ఒక్కటే. దాంతో ప్రశ్న పిల్లాడి మీద నుంచి గదిలో పెద్దవాళ్లు చేసిన పని మీదికి మారిపోయింది. ఒక గుంపుకు ఒక రకం, ఇంకో గుంపుకు ఇంకో రకం పెట్టే ఈ డిజైన్‌ని క్లాసులో బిట్వీన్-సబ్జెక్ట్స్ అని చెప్తారు. వాళ్లకు అదే సరైనది. ఒకసారి కులం చదివాక, అదే పిల్లలతో మర్నాడు "నిన్న విన్నది మర్చిపోండి" అని మళ్లీ మొదలుపెట్టలేరు కదా.

ఒక జాగ్రత్త. ఇలా గుర్తింపును గుర్తుచేస్తే మార్కులు పడిపోతాయన్న మాటను అమెరికాలో 1995లో స్టీల్, ఆరన్‌సన్ పరిశోధన ప్రచారంలోకి తెచ్చింది. తర్వాత ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే కొన్నిచోట్ల ప్రభావం బాగా తక్కువగా కనిపించింది. కాబట్టి ఒక్క పరిశోధన చూసి జెండా ఎత్తొద్దు. మనకు నచ్చిన ఫలితాన్ని కూడా అనుమానించాల్సిందే.

రెండోది తమిళనాడు చెరకు రైతులది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో చేశారు, 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. పేదరికం బుర్ర మీద ఎంత బరువు పెడుతుందన్నది ప్రశ్న. వాళ్లు పేద రైతును తెచ్చి ఊరి ఆసామి పక్కన నిలబెట్టలేదు. 464 మంది రైతుల్ని, ఎవరినైతే కోతకు ముందు, అప్పులు మెడమీద ఉన్నప్పుడు పరీక్షించారో, వాళ్లనే కోత డబ్బు చేతికొచ్చాక మళ్లీ పరీక్షించారు. అదే మనిషి, అదే చదువు, అదే ఊరు. కోత తర్వాత మెరుగ్గా చేశారు. ఇది విథిన్-సబ్జెక్ట్స్, అంటే మనిషిని అతనితోనే పోల్చడం.

"రెండోసారి కాబట్టి అలవాటై బాగా చేశారేమో" అని వెంటనే అడగొచ్చు. అడిగారు కూడా. అందుకే వాళ్లు ముందే చీటీ తీసి ఒక వంద మంది రైతుల్ని పక్కన పెట్టి, వాళ్లకు మొదటి పరీక్షే కోత తర్వాత పెట్టారు. వీళ్లకు అలవాటు లేదు, అయినా కోతకు ముందు మొదటిసారి రాసినవాళ్ల కన్నా బాగా చేశారు. మాకు ఈ వంద మంది సంగతే అన్నిటికన్నా నచ్చింది. డిజైన్ అంటే రేపు ఎవరో అడగబోయే ప్రశ్నకు ఈరోజే జవాబు దాచిపెట్టుకోవడం.

ఈ రెండూ చదివాక మేం మా టాపిక్ మార్చుకున్నాం. ఐదో తరగతి కోయ పిల్లలకు మాటల లెక్కలు ఇస్తాం: "సంతకు పోయి ఇన్ని కిలోల చింతపండు అమ్మితే..." లాంటివి. అదే లెక్కను ఒకసారి తెలుగులో, ఒకసారి కోయలో వినిపిస్తాం. పిల్లను పట్నం పిల్లతో పోల్చం, ఆమెతోనే పోలుస్తాం. మారేది భాష ఒక్కటే.

చెప్పడం సులువుగానే ఉంది. కూర్చుని ప్లాన్ వేస్తే ఒక్కోటీ బయటపడింది.

మొదట మేం కోయ లెక్కల్లో సంత, ఇప్పపువ్వు, అడ్డాకులు పెట్టి, తెలుగు లెక్కల్లో పుస్తకంలోని రైలు, బ్యాంకు వడ్డీ అలాగే ఉంచేశాం. మా అక్క ఒకామె చూసి నవ్వింది. "ఏరా, భాష మార్చారా, కథ మార్చారా?" అంది. నిజమే, రెండూ మార్చాం. కోయలో మార్కులు పెరిగితే అది భాష వల్లా, ఇప్పపువ్వు వల్లా? మళ్లీ రాశాం. కథ ఒకటే, అంకెలు వేరు, రెండు సెట్లు.

వరస ఇంకో సమస్య. అందరికీ ముందు తెలుగు, తర్వాత కోయ ఇస్తే, రెండోది అలవాటు వల్ల పెరుగుతుంది. అందుకని సగం మందికి ముందు కోయ, సగం మందికి ముందు తెలుగు. ఏ సెట్ ఏ భాషలో అన్నది కూడా మార్చి మార్చి ఇవ్వాలి. అంటే నాలుగు రకాల చీటీలు. ఇంతటితో అయిపోయిందనుకున్నాం, కాలేదు. కోయలో ముందు విన్న పిల్లకు లెక్క సంగతి అర్థమైపోయి, తర్వాత తెలుగులో కూడా బాగా చేయొచ్చు. తెలుగులో ముందు విని బెదిరిపోయిన పిల్ల తర్వాత కోయలో కూడా చేయి ఎత్తకపోవచ్చు. ఈ రెండు మోతలూ సమానం కావు, వరస తిప్పినంత మాత్రాన ఒకదానికొకటి కొట్టుకుపోవు. అందుకే రెండిటి మధ్య రెండు వారాల ఎడం పెట్టాం. అది చాలదనిపిస్తే మొదటి రోజు మార్కులు మాత్రమే తీసుకుని, కోయలో విన్న సగాన్ని తెలుగులో విన్న సగంతో పోల్చుకోవచ్చు. చెరకు రైతుల వంద మంది దగ్గర నేర్చుకున్నదే ఇది.

"ఇన్ని తిప్పలెందుకు, మొదటి నుంచీ రెండు గుంపులుగానే చేయొచ్చుగా" అనొచ్చు. చేయొచ్చు, పిల్లలు దొరికితే. మధ్యరకం తేడాని పట్టుకోవడానికి మామూలుగా వాడే లెక్క ప్రకారం రెండు వేరు గుంపులైతే ఒక్కోదాంట్లో 64 మంది, మొత్తం 128 కావాలి. అదే మధ్యరకం తేడా పిల్ల రెండు మార్కుల మధ్య చూడాలంటే 34 మంది చాలు. మా మండలంలో ఒక ఆశ్రమ స్కూల్లో ఐదో తరగతిలో నలభై మంది ఉంటే గొప్ప. భాషతో పాటు "అడిగేది మనవాళ్లా, బయటివాళ్లా" అన్నది కూడా కలిపి నాలుగు గుంపులు చేద్దామని మాలో ఒకరు పట్టుబట్టారు. నలభై మందిని నాలుగు ముక్కలు చేస్తే పదేసి మంది. ఏం తేలుతుంది? వద్దన్నాం. బదులుగా రెండు భాషలూ వచ్చిన ఒకే మనిషి గొంతు ఫోన్లో రికార్డు చేసి వినిపిస్తాం.

హాస్టల్ తెలిసినవాళ్లకే తట్టే సంగతి ఇంకోటి ఉంది. పిల్లలంతా ఒకే హాల్లో పడుకుంటారు. పొద్దున సగం మందికి పరీక్ష పెట్టి మిగతావాళ్లకు రేపు పెడదామంటే, రాత్రికే లెక్కలన్నీ హాలంతా తెలిసిపోతాయి. ఏ రోజు పరీక్ష ఆ రోజు పొద్దున్నే అందరికీ అయిపోవాలి. జవాబు కాగితం మీద నంబరే ఉండాలి, దిద్దేవాళ్లకు ఏ కాగితం ఏ భాషదో తెలియకూడదు.

అనుమతి గురించి కూడా చెప్పాలి. హెడ్మాస్టర్ గారు సంతకం పెడితే చాలని మాకూ చెప్పారు. 2009లో మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగింది గుర్తుందా? పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు, వాళ్లలో హాస్టల్ పిల్లలు ఎందరో. రెండు వేలకు పైగా అనుమతి పత్రాల మీద అమ్మానాన్నల బదులు వార్డెన్ల సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ ప్రాజెక్టును గట్టిగా తప్పుపట్టింది. మాది సూదిమందు కాదు, లెక్కల కాగితమే. అయినా ఇంటికి వెళ్లి కోయలో చెప్పి అడుగుతాం, పిల్లనూ అడుగుతాం. "వద్దు" అన్న పిల్ల ఆ గంట ఆడుకోవచ్చు. ఆ మేరకు సంఖ్య తగ్గుతుంది, తగ్గనీ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టారు. అవి ఉండాలా, పోవాలా అనే మాట వచ్చినప్పుడల్లా ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్తారు. మా నలభై మంది పిల్లలతో ఆ ప్రశ్న తేలిపోదని తెలుసు. కోయలో మార్కులు పెరగకపోతే అదీ అలాగే రాస్తాం. మా ఇళ్లలోనే పెద్ద సంఖ్యలకు తెలుగు మాటలు వాడతాం, కాబట్టి పెరగకపోయే అవకాశం లేకపోలేదు.

గైడ్ సార్‌కి ఈ ప్లాన్ చూపించాం. చాలాసేపు చదివారు. "దీనికి టైం ఎక్కువ పడుతుందయ్యా" అన్నారు. "పడుతుంది సార్" అన్నాం. సినాప్సిస్ మీద సంతకం పెట్టారు, టైటిల్లో "గిరిజన" అన్న మాట ఉంచమన్నారు. ఉంచాం.

ఇప్పుడు మీతో ఒక పని పడింది. భద్రాచలం వైపు కోయకీ, ఏటూరునాగారం వైపు కోయకీ కొన్ని మాటలు తేడా ఉన్నాయి. "మిగిలింది", "పంచితే", "ఒక్కొక్కరికి" అనే మూడు మాటల దగ్గర మేం ముగ్గురం మూడు రకాలుగా చెప్తున్నాం. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఏమంటారో అడిగి, ఊరి పేరుతో సహా రాయండి. రికార్డింగ్ వచ్చే నెల.

జై ఆదివాసీ.