వెయ్యి ఫోటోల్లో ఒకటి ఎవరు ఏరాలి?

ఫిలిం రోజుల్లో ఫోటోగ్రాఫర్‌కి పని వచ్చి ఉండాలి, ఇప్పుడు కెమెరాకి వస్తే చాలు అన్న మాట పాత స్టూడియోవాళ్ల నోట తరచూ వినపడుతుంది. అందులో ఉక్రోషం కన్నా బాధే ఎక్కువ. ఎర్ర బల్బు వెలుతురులో, హైపో వాసనలో ఏళ్లకేళ్లు గడిపి, నెగటివ్ మీద పెన్సిల్ మొనతో ముఖాల మచ్చలు దిద్దుతూ నేర్చుకున్న విద్య ఒక్క తరంలో ఎందుకూ కొరగాకుండా పోయింది. ఆ బాధను మేం తేలిగ్గా తీసుకోం. కానీ దాని వెంట వచ్చే తీర్పును, కొత్త కెమెరాలు ఫోటోగ్రాఫర్లను సోమరిపోతులను చేశాయన్న తీర్పును, ఉన్నదున్నట్టు ఒప్పుకోలేం. సోమరితనం పెరిగిన మాట నిజం. అది పెరిగిన చోటు వేరు.

యంత్రం మనిషి చేతిలోని పనిని లాక్కోవడం డిజిటల్‌తో మొదలైంది కాదు. 1870లలో లాలా దీన్‌దయాళ్ కెమెరా పట్టేనాటికి గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరేలోపే ఫోటో తీసి అక్కడికక్కడే కడిగే పద్ధతి నడుస్తోంది. ఊరు దాటాలంటే చీకటి గుడారం, మందుల సీసాలు, నీళ్లు వెంట మోసుకెళ్లాలి. తర్వాత బజారులో కొనుక్కునే పొడి పలకలు వచ్చి ఆ మోత తప్పించాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఆయన తీసిన దర్బారులనూ వేట దృశ్యాలనూ చూసి, మోత తగ్గింది కాబట్టి శ్రద్ధ తగ్గిందని ఎవరైనా అనగలరా? 1888లో వచ్చిన కొడాక్ కెమెరా నూరు ఫోటోలకు సరిపడా ఫిలింతో అమ్ముడయ్యేది. అయిపోయాక కెమెరాను కంపెనీకి పంపిస్తే వాళ్లే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త ఫిలిం ఎక్కించి పంపేవారు. 1985లో మినోల్టా 7000 ఫోకస్ బాధ్యతనూ తీసుకుంది.

ఇప్పటి కెమెరా ఎదుటి మనిషి కన్ను వెతికి పట్టుకుంటే ఇక వదలదు. సోనీ 2023లో ప్రకటించిన ఏ9 త్రీ సెకనుకు 120 ఫ్రేములు తీస్తుంది. బటన్ పూర్తిగా నొక్కకముందు గడిచిపోయిన క్షణాన్ని కూడా దాచి ఉంచే కెమెరాలున్నాయి. లకుముకి పిట్ట నీళ్లలోకి దూకాక మనం తేరుకుని నొక్కినా, దూకడానికి ముందున్న ఫ్రేములు కార్డులో ఉంటాయి. దీన్ని తప్పుపట్టే పెద్దల మాటలో కొంత న్యాయం ఉంది. ముందే ఊహించి వేలు కదిపే నేర్పు వాడకపోతే మొద్దుబారుతుంది. కానీ ఆ పిట్ట ఏ కొమ్మ మీద వాలుతుందో, ఏ వేళకు వస్తుందో కెమెరాకు తెలియదు. తెల్లవారకముందే చెరువు గట్టుకు చేరి, కదలకుండా కూర్చోవాల్సింది ఇప్పటికీ మనిషే.

పెళ్లి పందిట్లో సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యాషికాలో 120 రోల్ వేసుకుని వచ్చిన ఫోటోగ్రాఫర్‌కి రోలుకు పన్నెండు ఫ్రేములు. తెర దించి జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఫ్లాష్ చార్జి అయి ఉందో లేదో చూసుకుని, ఎక్కడ నిలబడాలో ముందే ఎంచుకుని, ఒకటో రెండో తీసేవాడు. ఇప్పుడు మంటపం చుట్టూ ముగ్గురు నలుగురు కెమెరాలతో, పైన డ్రోన్‌తో ఉంటారు. పట్టలేని క్షణమంటూ ఉండకూడదు. అయినా మూడు ముళ్ల దగ్గర ‘పంతులుగారూ, ఒక్క నిమిషం’ అని ఆపి, ‘బాబూ, ఇటు చూసి మళ్లీ కట్టు’ అనేవాళ్లకు కొదవ లేదు. సెకనులో అన్ని ఫ్రేములు తీయగల పరికరం చేతిలో ఉండి కూడా, జరిగేదాన్ని జరుగుతుండగా పట్టుకునే ప్రయత్నం చేయకపోవడం మాకు అసలైన బద్ధకంలా తోస్తుంది. ఆ పక్కనే పీటల దగ్గర కళ్లొత్తుకుంటున్న మేనత్త ఎవరి కెమెరాలోనూ పడదు.

పెళ్లయ్యాక వచ్చేది దీనికన్నా పెద్ద బద్ధకం. వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి, ‘ఆల్బమ్‌కి కావలసినవి మీరే సెలెక్ట్ చేసి నంబర్లు పంపండి’ అంటారు. ఇంటివాళ్లు రెండు సాయంత్రాలు కూర్చుంటారు. ఒకే నవ్వు ఇరవై సార్లు కనిపిస్తే అలసిపోతారు. సెలెక్షన్ వెళ్లదు, ఆల్బమ్ రాదు. తప్పు మొత్తం ఫోటోగ్రాఫర్‌దే అనడం లేదు. బేరమాడేటప్పుడు ‘ప్యాకేజీలో ఎన్ని ఫోటోలిస్తారు’ అని అడిగేది మనమే. ఏవి బాగున్నాయో చెప్పగలిగిన కంటికి విలువ కట్టడం మన బేరంలో ఎప్పుడూ లేదు. కాని ఏరడం ఆ వృత్తిలో సగం పని. దాన్ని ఇంటివాళ్ల మీదికి తోసేసినవాడు సగం పనే చేసినట్టు.

పొదుపుగా తీయడమే గొప్ప అని కూడా మేం అనం. రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56లలో కారులో అమెరికా అంతా తిరిగి 767 రోళ్లు, 27 వేలకు పైగా ఫ్రేములు తీశాడు. ఫిలిం కాలంలోనే! చేతిలో ఇమిడే చిన్న కెమెరా లేకపోతే ఆ పని సాగేదే కాదు. తర్వాత సుమారు వెయ్యి ఫోటోలకు ప్రింట్లు వేసుకుని, గోడలకు గుచ్చి, నేల మీద పరిచి, కలిపి, విడదీసి, తీసేసి, చివరికి 83 మిగిల్చాడు. ‘ది అమెరికన్స్’ పేరుతో ప్రపంచానికి తెలిసిన ఆ పుస్తకం 1958లో మొదట పారిస్‌లో అచ్చయింది. అన్ని వేలు తీసినందుకు ఆయన్ను ఎవరూ బద్ధకస్తుడనరు. పక్కన పెట్టిన ప్రతి ఫ్రేమునూ ఆయన చూశాడు కాబట్టి.

ఆన్సెల్ ఆడమ్స్ కథ దీనికి మరో కొస. 1941 చివర్లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ దగ్గర కారులో వెళ్తుంటే, పల్లె మీద చంద్రోదయం, సమాధుల శిలువల మీద ఆఖరి ఎండ కనిపించాయి. కారాపి పెద్ద కెమెరా నిలబెట్టాడు. వెలుతురు కొలిచే మీటరు మాత్రం దొరకలేదు. చంద్రబింబం కాంతి చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని గుర్తుంది. దాన్ని పట్టుకుని మనసులోనే లెక్క కట్టి ఒక నెగటివ్ తీశాడు. రెండోది తీయబోయేసరికి శిలువల మీది ఎండ వెళ్లిపోయింది. పాత తరంవాళ్లు ఇక్కడితో కథ ఆపి ‘చూశారా’ అంటారు. అయితే ఆ ఒక్క నెగటివ్‌తో ఆయన దశాబ్దాల పాటు కుస్తీ పట్టాడు. తొలి ప్రింట్లలో మబ్బుల జాడలతో లేతగా ఉన్న ఆకాశం తర్వాతి ప్రింట్లలో నల్లబడుతూ వచ్చింది. బటన్ నొక్కాక మొదలైన పని ఆయన ముసలితనం దాకా సాగింది.

చంద్రుడి మాట వచ్చింది కనక ఇంకో సంగతి. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి ఫోటోను కావాలనే మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టి, గది చీకటి చేసి శాంసంగ్ ఫోన్‌తో తీశాడు. తెర మీద లేని గుంటలూ మచ్చలూ ఫోటోలో తేటగా వచ్చాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలకు మెరుగులు దిద్దేలా కెమెరాకు నేర్పామని కంపెనీయే వివరణ ఇచ్చింది. ఫోకస్, ఎక్స్‌పోజర్, చేతి వణుకు యంత్రం చూసుకుంటే మాకు అభ్యంతరం లేదు. ఎదురుగా లేనిదాన్ని అదే పూరిస్తుంటే మాత్రం తీసినవాడికి చూడాల్సిన అవసరమే మిగలదు. ఈ గీత దాటిన ఫోటోను ఫోటో అనడానికి మేం సిద్ధంగా లేం.

పత్రిక నడిపేవాళ్లం కాబట్టి, ఏరే పనిని ఎదుటివాళ్ల మీదికి తోసేసే జబ్బు మా బల్ల మీదికీ వస్తోంది. ఏ జాతర మీదో, ఏ నేత ఊరి మీదో వ్యాసానికి ఫోటోలు అడిగితే ఒక లింకు వస్తుంది, లోపల వందలు ఉంటాయి, ‘మీరే చూసి మంచివి వేసుకోండి’ అన్న మాట వెంట ఉంటుంది. మగ్గం ముందు కూర్చున్న ముసలాయన పదిహేను ఫ్రేముల్లో ఉంటాడు. ఆయన పేరు ఒక్కదానిలోనూ ఉండదు. ఊరి పేరు ఫోన్ చేసి అడగాలి. పంపినవాళ్లు అక్కడ నిలబడ్డారు, ఆయనతో మాట్లాడారు, ఏ క్షణాన ఆయన కళ్లలో వెలుగు వచ్చిందో చూశారు. ఇక్కడ కూర్చున్న మాకు అదేమీ తెలియదు. తెలిసినవాళ్లు ఏరకుండా తెలియనివాళ్లకు అప్పగిస్తే, బాగా కనిపించేవి అచ్చవుతాయి, ఏదో చెప్పేవి మిగిలిపోతాయి.

ఇందులో దాచుకోవడం సంగతి కూడా ఉంది. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు వేల సంఖ్యలో నేటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. పగిలే గాజు శతాబ్దం దాటి నిలిచింది. మన పిల్లల తొలి అడుగులు పాడైపోయిన ఫోన్లలో, తెరుచుకోని హార్డ్ డిస్కుల్లో ఉండిపోతున్నాయి. వేలల్లో ఉన్నవాటిని ఎవరూ ప్రింటు వేయరు. పదో ఇరవయ్యో ఏరి పెట్టుకున్న ఇంట్లోనే ఆల్బమ్ ఉంటుంది.

అందుకే మా పత్రికకు ఫోటోలు పంపే మిత్రులకు ఒక విన్నపం. ఏ కెమెరాతో తీసినా, ఫోన్‌తో తీసినా మాకు ఒకటే. ఎన్ని తీసినా సరే. పంపేటప్పుడు మాత్రం పదికి మించకుండా, మీరే కూర్చుని ఏరి పంపండి. ఒక్కోదాని కింద అందులో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు తీశారు అన్న మూడు సంగతులు రాయండి. ఫోన్ తనంతట తాను చేర్చిన మెరుగులు ఉంటే అదీ చెప్పండి. అలా వచ్చినవాటికి ఇకమీదట మా సంచికలో పూర్తి పేజీలు ఇస్తాం, ఏరినవారి పేరుతో.