పాంజీ గింజకు తొందర పనికిరాదు

వినాయక చవితి దాటిందంటే చాలు, మన రంగారెడ్డి జిల్లా పూల రైతులు విత్తనాల దుకాణాల చుట్టూ తిరుగుతుంటారు. బంతికైతే ఆ అదను సరే, సంక్రాంతి పూతకు అందుతుంది. అదే చేత్తో పాంజీ గింజ కూడా చల్లేస్తున్నారు. ఇది డబ్బులు మట్టిలో పోయడమే అని నా అభిప్రాయం.

నేనూ దెబ్బ తిన్నవాణ్ణే. ఒక ఏడాది ఓ దుకాణదారు మాట నమ్మి సెప్టెంబరు మొదటి వారంలో రెండు ప్యాకెట్ల హైబ్రిడ్ గింజలు పోశాను. ఇరవై రోజులు నీళ్లు చిలకరించినా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మొలకలే వచ్చాయి. అడగబోతే 'నీ మట్టిలోనే లోపం' అన్నాడు. లోపం మట్టిలో కాదు, వేడిలో ఉంది. పాంజీ గింజ 18 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో బాగా మొలుస్తుంది. 25 దాటితే మొలక తగ్గిపోతుంది, 30కి వస్తే గింజ ముడుచుకుని పడుకుంటుంది.

ప్యాకెట్ల మీద అచ్చేసిన నెలలు కూడా రైతును తప్పుదారి పట్టిస్తున్నాయి. ఫిబ్రవరి, మార్చిలో విత్తమని రాస్తే అది ఇంగ్లండు లాంటి చలి దేశాలకు చెల్లుతుంది. ఇక్కడ అప్పటికి ఎండలు మొదలవుతాయి. మన దగ్గర అమ్మే ప్యాకెట్టు మీద మన నెల ఎందుకు రాయరు? కంపెనీలు జవాబు చెప్పాలి.

హైదరాబాదు చుట్టుపక్కల రాత్రిళ్లు దుప్పటి వెతుక్కునే రోజులు వచ్చాకే, అంటే అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మొదటి పక్షం లోపు విత్తుకోవాలి. మడి వద్దు, ట్రేలే మేలు. కొబ్బరి పొట్టులో బాగా చివికిన పశువుల ఎరువు జల్లించి కలపండి. గుంతకు ఒక్క గింజ పెట్టి పలచగా కప్పాలి. ఈ గింజకు చీకటి కావాలి కాబట్టి ట్రేల మీద తడి గోనెపట్టా కప్పి చెట్టు నీడన ఉంచండి. రోజూ ఎత్తి చూడాలి. మొలక తల ఎత్తగానే పట్టా తీసేయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా నారు సాగిపోతుంది. నీళ్లు ఎక్కువైతే మొదలు కుళ్లుతుంది. అలా కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. నాలుగైదు ఆకులు వచ్చాక చిన్న సంచుల్లోకి మార్చుకోవాలి.

ఇక అమ్మకం సంగతి. పాంజీ దండకు పనికొచ్చే పువ్వు కాదు, గుడిమల్కాపూర్‌కు బుట్ట దింపితే అడిగేవాడుండడు. మొక్కగానే పోవాలి. నవంబరు మొదట్లో విత్తింది జనవరి ఆఖరుకు పూస్తుంది, మార్చి ఎండకు వాడిపోతుంది. అంటే చేతిలో ఉండేది ఆరు వారాలే. అందుకే ముందు నర్సరీ వాళ్లతో, కాలనీల తోటమాలులతో మాట్లాడుకుని ఎన్ని మొక్కలు కావాలో ఖాయం చేసుకున్నాకే గింజ కొనండి. అయిదారు వందల సంచులకు గుంటలో ఒక మూల సరిపోతుంది. ఎకరాల లెక్క చెప్పి ఆశ పెట్టేవాళ్ల మాట వినకండి.

కొనేటప్పుడు పరీక్ష తేదీ, మొలక శాతం చూసి బిల్లు తీసుకోండి. గ్రాముకు సుమారు ఏడెనిమిది వందల గింజలుంటాయి. కాబట్టి ప్యాకెట్టులో ఎన్ని గింజలున్నాయో అడగండి. హైబ్రిడ్ మొక్క నుంచి గింజ తీసి దాచుకుంటే మరుసటేడు ఆ రంగే వస్తుందన్న నమ్మకం లేదు. కొన్నవాటిలో మిగిలితే గాలి చొరని డబ్బాలో వేసి చల్లటి చోట పెట్టండి, రేకుల షెడ్డులో మాత్రం వద్దు.