పాటల సీడీని కాపీ చేయడమంటే ఫైలు కాపీ చేయడం కాదు

సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో బతుకుతున్నాయి. ఆ నగరంలో, ఉన్ లాంటి శివారు పేటలో, ఒక తెలుగు ఇంటి బీరువాలో సొంతూరి ఒగ్గుకథ రికార్డు చేయించిన ఆడియో సీడీ ఉందనుకోండి. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇది పోతే మళ్ళీ రాదు. కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాల్సిందే. అయితే చాలామంది హడావుడిగా ఎంపీ3గా మార్చేసి డిస్కును పారేస్తారు. నా అభ్యంతరం దానికే.

ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. సెకనుకు 75 సెక్టార్లు, ఒక్కోదానిలో 2,352 బైట్లు. అదే కంప్యూటర్ ఫైళ్ళ సీడీ అయితే, సాధారణంగా ప్రతి సెక్టారులో 304 బైట్లను చిరునామాకీ, అదనపు తప్పుల సవరణకీ కేటాయిస్తారు. పాటల సీడీలో ఆ రెండో కాపలా లేదు. రీడ్–సోలమన్ సంకేతాలతో మొదటి దశ సవరణ జరుగుతుంది. గీత మరీ లోతైతే అదీ చేతులెత్తేస్తుంది. అప్పుడు ప్లేయర్ పక్కనున్న విలువలను చూసి మధ్యది ఊహించి నింపేస్తుంది. చెవికి తేడా తెలియకపోవచ్చు. కానీ కాపీలో ఆ ఊహే శాశ్వతంగా నిలిచిపోతుంది.

సీడీపారనోయా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇక్కడే పనికొస్తుంది. పేరుకు తగ్గట్టే దానికి అనుమానం ఎక్కువ. ఒకే భాగాన్ని కొంత అతివ్యాప్తితో మళ్ళీ మళ్ళీ చదివించి, సరిపోల్చి, పొంతన లేనిచోట తిరిగి ప్రయత్నిస్తుంది. గీతలు పడ్డ డిస్కుకు చాలాసేపు పట్టొచ్చు, పట్టనివ్వండి. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడిచే ఫ్రె:ఏసీ కూడా ఉచితమే.

దాచుకోవడానికి ఫ్లాక్ వాడండి. ఎంపీ3 మన చెవి పట్టించుకోదనుకున్న వివరాలను తీసి పారేస్తుంది, వాటిని తిరిగి తేలేం. ఫ్లాక్ ఒక్క బిట్టూ పోకుండా ఫైలును కుదిస్తుంది. గంట శబ్దం సీడీ మీద సుమారు 635 మెగాబైట్లు. ఫ్లాక్‌లో చాలాసార్లు అందులో సగానికి కాస్త అటూ ఇటూ. ఈరోజు మెమరీ కార్డుల ధరకు అదో లెక్కా? పైగా దీని కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ఏదో ఒక కంపెనీ మూతపడితే ఫైలు తెరుచుకోదన్న భయం లేదు.

సొంత వాడకానికి న్యాయమైన పరిమితిలో చేసుకునే కాపీకి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో చోటుంది. అమ్మకానికి కాదు.

ఇంట్లో రాసిన సీడీలైతే ముందు వాటి సంగతి చూడండి. వాటిలో సమాచారం సేంద్రియ రంగు పొరలో ఉంటుంది, ఎండకూ వేడికీ అది చెడుతుంది. డిస్కును మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత లేజర్ నడిచే దారి వెంటే సాగి, వరుసగా బోలెడు సమాచారాన్ని తినేస్తుంది. అడ్డగీత అయితే ఒక్కో చుట్టులో కొంచెమే.