కొండకు వేసవిలో ఎందుకు? కార్తీకంలో వెళ్దాం

ఏప్రిల్ నెలాఖరుకు పరీక్షలు అయిపోతాయి. నంద్యాలలో అప్పటికే ఎండలు మండిపోతుంటాయి. "ఈ సెలవుల్లో ఏదైనా చల్లని కొండకు పోదాం" అన్నమాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. స్తోమత ఉన్నవారు ఊటీకో కొడైకెనాల్‌కో రైలు టిక్కెట్లు వెతుక్కుంటారు. కొందరు మదనపల్లె దాటి హార్స్లీ కొండకు పోతారు. మిగిలిన వారు దగ్గరలోనే ఉన్న అహోబిలానికో, మహానందికో, శ్రీశైలానికో బస్సెక్కుతారు. కొండ అంటే చల్లగా ఉంటుంది, కొండకు వెళ్ళే కాలం వేసవి: ఈ రెండు మాటలనూ మనం ఎప్పుడూ ప్రశ్నించం. ఊటీకి సరిపోయే ఈ మాటలు మన నల్లమలకు సరిపోవు. నల్లమలకు వెళ్ళడానికి మంచి కాలం కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. విద్యార్థుల విహారయాత్రలు కూడా అప్పుడే జరగాలని నా అభిప్రాయం. ఎందుకో లెక్క కట్టి చూద్దాం.

ఎత్తు ఎంత? చల్లదనం ఎంత?

కొండ ఎక్కితే సూర్యుడికి మరికాస్త దగ్గరవుతాం కదా, మరి వేడి పెరగాలి గాని తగ్గుతుందేమిటి? ఈ సందేహం మీకు వచ్చే ఉంటుంది. సూర్యుడు మనకు దాదాపు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందులో ఒక కిలోమీటరు తగ్గితే లెక్కలోకే రాదు. పైగా సూర్యకాంతి గాలిని నేరుగా వేడి చేసేది తక్కువ. అది ముందు నేలను వేడి చేస్తుంది. వేడెక్కిన నేల తనను ఆనుకొని ఉన్న గాలిని వేడి చేస్తుంది. ఆ గాలి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కనుక గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. అందువల్ల సగటున ప్రతి 1000 మీటర్ల ఎత్తుకూ ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. నంద్యాల సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో ఒక మధ్యాహ్నం అక్కడ 42 డిగ్రీలు ఉందనుకుందాం. నల్లమల కొండల సగటు ఎత్తు 500 మీటర్ల పైచిలుకు. వెయ్యి మీటర్ల దరిదాపులకు చేరే శిఖరాలు కొద్దిగానే ఉన్నాయి. మీరు 700 మీటర్ల ఎత్తున్న చోటికి ఎక్కారనుకోండి. నంద్యాల కంటే 500 మీటర్లు పైన ఉన్నారు. తగ్గిన వేడి మూడు డిగ్రీల చిల్లర. 42 కాస్తా 39 అయింది, అంతే! ఆ మూడు డిగ్రీల కోసం రాళ్ళ దారిలో రెండు గంటలు చెమటోడ్చి ఎక్కాలి.

హార్స్లీ కొండ ఎత్తు సుమారు 1260 మీటర్లు. అదే లెక్కన అక్కడ నంద్యాల కంటే ఏడు డిగ్రీలు తగ్గాలి. ఊటీ ఎత్తు 2240 మీటర్లు. అక్కడ పదమూడు డిగ్రీలు తగ్గి 29 ఉండాలి. నిజానికి మే నెలలో ఊటీ పగటి వేడి మామూలుగా 22, 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన లెక్క తప్పా? తప్పు కాదు, చాలలేదు. ఎత్తు ఒక్కటే చల్లదనాన్ని నిర్ణయించదు. మబ్బులు, నేలలోని తేమ, చెట్ల ఆకులు కూడా నిర్ణయిస్తాయి. నీలగిరులకు వేసవిలోనూ ఇవి కొంత దొరుకుతాయి. వేసవి నల్లమలకు దొరకనివి సరిగ్గా ఇవే.

ఒకే సూర్యుడు, రెండు నెలలు

ఒక చిత్రం గమనించండి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఒకటి మే మొదటి వారంలో, రెండోది ఆగస్టు రెండో వారంలో. రెండుసార్లూ కిరణాలు నిట్టనిలువుగానే పడతాయి. పగటి పొడవు కూడా ఇంచుమించు ఒకటే. అయినా మేలో మాడిపోతాం, ఆగస్టులో అంత బాధ ఉండదు. తేడా సూర్యుడిలో లేదు, నీటిలో ఉంది.

ఆగస్టులో మబ్బులు కొంత ఎండను అడ్డుకుంటాయి. మిగిలిన ఎండలో చాలా భాగం తడి నేలలోని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కెలోరీ చాలు. అదే గ్రాము నీటిని మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఆవిరిగా మార్చాలంటే సుమారు 580 కెలోరీలు కావాలి! కొత్త కుండలో నీళ్ళు చల్లబడేది ఈ సూత్రం మీదే. ఆకులు నిండుగా ఉన్న అడవి ఒక పెద్ద మట్టికుండ వంటిది. వేళ్ళతో నీరు తోడి ఆకుల ద్వారా ఆవిరి చేస్తూ తన చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది.

నల్లమలలో చాలా భాగం ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది వంటి చెట్లు ఎండలు ముదిరేసరికి ఆకులు రాల్చి నీటిని పొదుపు చేసుకుంటాయి. వాగులు ఎండిపోతాయి. రాతి గుట్టలు పెనంలా కాలుతాయి. అంటే వేసవిలో మన కుండ ఖాళీ అయిపోతుంది! కొండ ఎక్కినందుకు మూడు డిగ్రీలు లాభం, నీడ లేనందుకు అంతకు మించిన నష్టం.

ఈ అలవాటు ఎక్కడిది?

వేసవి విడిది అన్న ఆలోచనకు మన దేశంలో బలం తెచ్చినవారు బ్రిటిష్ అధికారులు. చలిదేశం నుంచి వచ్చిన వారికి మన ఎండలు భరించరానివి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరుల మీదికి వెళ్ళాడు. ఆ తర్వాత ఊటీ పెరిగింది. పోనుపోను మద్రాసు ప్రభుత్వమే వేసవిలో అక్కడికి తరలిపోయేది. ఏనుగు మల్లమ్మ కొండ అని మనవాళ్ళు పిలుచుకునే చోట కడప కలెక్టరు హార్స్లీ ఇల్లు కట్టుకున్నాడు. ఆ కొండకు ఆయన పేరే నిలిచిపోయింది. వారి అవసరం చల్లదనం. అందుకు తగ్గ ఎత్తైన కొండలనే వారు ఎంచుకున్నారు. మనం వారి కాలాన్ని మాత్రం పట్టుకొని ఎత్తును మరచిపోయాం.

మన సంప్రదాయం వేరు. కార్తీక మాసంలో ఊరంతా తోటలకూ అడవులకూ వెళ్ళి ఉసిరి చెట్టు కింద వనభోజనాలు చేయడం మనకు తరతరాలుగా ఉంది. అహోబిలంలో పారువేట ఉత్సవం కనుమ నాడు మొదలవుతుంది. స్వామి పల్లకి నెలకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతుంది. ఈ పండుగలు పెట్టినవారి వద్ద ఉష్ణమాపకం ఉండి ఉండదు. కాని బయట తిరగడానికి ఏ కాలం బాగుంటుందో వారికి అనుభవం చెప్పింది. పాత ఆచారం కనుక ఒప్పుకోవాలని నేను అనను. కొలిచి చూసినా నిలుస్తుంది కనుక ఒప్పుకుందామంటాను.

వానాకాలం ఎందుకు కాదు?

ఆకులూ నీరూ ఉంటే చాలు కదా, జూలై, ఆగస్టుల్లోనే వెళ్ళవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అప్పుడు అడవి పచ్చగా ఉండేమాట నిజమే. కాని అహోబిలంలో భవనాశి వంటి కొండవాగులు నమ్మదగినవి కావు. రాతి వాలు మీద పడ్డ వాన నేలలో ఇంకదు, ఒక్కసారిగా కిందికి దూకుతుంది. మీరు నిలుచున్న చోట చినుకు లేకపోయినా పైన ఎక్కడో కురిసిన వాన నిమిషాల్లో వాగును ముంచెత్తగలదు. 2019 సెప్టెంబరులో కురిసిన భారీ వర్షాలకు కుందూ పొంగింది, మహానంది ఆలయంలోకి నీళ్ళు చేరాయి. వాగు నీరు ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగినా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కాలన్నది ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండవలసిన పాఠం. పైగా నల్లమలలోని నాగార్జునసాగర్ శ్రీశైలం పెద్దపులుల అభయారణ్యంలో వానాకాలంలో సందర్శకులను ఆపివేస్తుంటారు. అది అడవికి విశ్రాంతి కాలం.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా

వానలు వెనుకబట్టాక పరిస్థితి చక్కబడుతుంది. వాగుల్లో నీరు తేరుకొని అడుగు కనిపిస్తుంది. చెట్ల మీద ఆకు ఇంకా నిలిచే ఉంటుంది. వానలు గాలిలోని దుమ్మును కడిగివేశాయి కనుక కొండ మీది నుంచి చాలా దూరం స్పష్టంగా కనిపిస్తుంది. పగలు హాయిగా నడవవచ్చు. రాత్రిళ్ళు ఆకాశం నిర్మలంగా ఉండి నేలలోని వేడి త్వరగా పైకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారుతుంది. అందుకే తెల్లవారుజామున కొండ వాలు కంటే లోయలోనే చలి ఎక్కువగా ఉండవచ్చు. ఎత్తు పెరిగితే చల్లదనం పెరుగుతుందన్న సూత్రం అక్కడ కొన్ని గంటలు తలకిందులవుతుంది! ఇటువంటి వింత వేసవి మధ్యాహ్నంలో దొరకదు.

ఈ కాలానికీ జాగ్రత్తలు ఉన్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు ఏర్పడతాయి. బయలుదేరే ముందు వాతావరణ సూచన చూసుకోవాలి. డిసెంబరులో పగలు పదకొండు గంటల పైచిలుకే కనుక సాయంత్రం నాలుగుకల్లా కొండ దిగడం మొదలుపెట్టాలి.

అడవి వైపు నుంచి చూస్తే

ఇంతవరకూ మన సుఖం సంగతి చెప్పుకున్నాం. అడవి సంగతి అంతకంటే ముఖ్యం. వేసవిలో నల్లమల నేలంతా ఎండుటాకులే. ఆర్పకుండా పారేసిన ఒక అగ్గిపుల్ల చాలు, కార్చిచ్చు కొండలు దాటుతుంది. నీటి గుంటలు కొద్దిగా మిగిలిన ఆ రోజుల్లో దుప్పులూ చిరుతలూ పెద్దపులులూ అన్నీ వాటి వద్దకే రావాలి. అక్కడ మనం చేరి కేకలు వేస్తే అవి దాహంతో వెనుదిరుగుతాయి. మనకు ఆటవిడుపు, వాటికి ప్రాణసంకటం. అందరూ ఒకే నెలలో ఎగబడితే పెద్ద కొండలు కూడా తట్టుకోలేవు. అందువల్లనే 2024 మే నెలలో మద్రాసు హైకోర్టు ఆదేశం మీద ఊటీకీ కొడైకెనాల్‌కూ వెళ్ళే వాహనాలకు ముందస్తు అనుమతి పత్రం పెట్టవలసి వచ్చింది.

"వేసవిలో తప్ప మాకు సెలవులు లేవు" అని పెద్దలు అంటారు. ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది. దూరపు ఊళ్ళ వారికి అది నిజంగానే సమస్య. కాని నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు నల్లమల ఇంటి పెరడు వంటిది. ఒక్క ఆదివారం చాలు. మేలోనే చల్లదనం కావాలంటే 1200 మీటర్లు దాటిన కొండను ఎంచుకోవాలి. నల్లమలకైతే ఉదయమే వెళ్ళి పది గంటలకల్లా తిరిగి రావాలి.

మీరే కొలవండి

మహానంది కోనేటి నీరు వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుందని అందరూ అంటారు. భూమి లోపలి నుంచి వచ్చే ఊటనీటి ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా చాలా కొద్దిగా మారుతుంది. మారేది బయటి గాలి, దానికి అలవాటుపడిన మన చర్మం. అంటే ఒంటికి తోచే చల్లదనం కొలత కాదు, పోలిక మాత్రమే.

అందుచేత ఈ కార్తీకంలో మీ సైన్సు మాస్టారితో అహోబిలం వెళ్ళినప్పుడు రెండు ఉష్ణమాపకాలు తీసుకుపొండి. ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే అంకె చూపుతున్నాయో లేదో సరిచూడండి. తర్వాత సగం మంది దిగువ అహోబిలంలో ఉండండి, సగం మంది ఎగువకు వెళ్ళండి. నేలకు మీటరున్నర ఎత్తున, నీడలో ఉంచి, గంటగంటకూ ఒకే సమయానికి అంకెలు రాసుకోండి. ఒకే బృందం పొద్దున కిందా మధ్యాహ్నం పైనా కొలిస్తే ఎత్తు వల్ల తగ్గిన వేడి, పొద్దెక్కడం వల్ల పెరిగిన వేడి కలగాపులగమైపోతాయి. వీలైతే మార్చి నెలలో ఒక ఉదయం మళ్ళీ అదే పని చేయండి. రెండు పట్టికలూ బడి గోడకు పక్కపక్కన అంటించండి.

నా అభిప్రాయం సరైనదో కాదో ఆ పట్టికలే చెబుతాయి. వెళ్ళినప్పుడు ప్లాస్టిక్ సంచులు తిరిగి తెచ్చుకోండి, వంట ఇంటి దగ్గరే చేసుకొని పట్టుకుపొండి. వచ్చే ఏడు విహారయాత్ర తేదీ నిర్ణయించేటప్పుడు మీ పట్టికలను ప్రధానోపాధ్యాయుల వారికి చూపించండి.