ఎండుపుల్లకు ఒక్క రాత్రి పండగ

జూన్‌ నెల. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టూసన్‌ ఊరి శివార్లు. పగలంతా నలభై డిగ్రీల ఎండ. క్రియోసోట్‌ పొద మధ్యలో బూడిదరంగులో నాలుగు సన్నటి పుల్లలు. ఎవరు చూసినా ఎండుకంపే అనుకుంటారు. పొద్దుగూకాక ఆ పుల్లకే అరచేతంత తెల్లటి పువ్వు విచ్చుకుంటుంది. ఘుమఘుమలు పొద దాటి చాలా దూరం పోతాయి. తెల్లారి ఎండ తగిలేసరికి వాడిపోతుంది. ఆ పువ్వుకి ఉన్నది ఆ ఒక్క రాత్రే!

ఈ కాక్టస్‌ పేరు పెనియోసీరియస్‌ గ్రెగ్గై. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రాంతమంతా తిరుగుతూ మొక్కలు సేకరించిన వ్యాపారి జోసియా గ్రెగ్‌ పేరే దీనికీ పెట్టారు. స్పానిష్‌ వాళ్లు మాత్రం ‘రాత్రికి రాణి’ అంటారు. మన పెరళ్లలోని నైట్‌క్వీన్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. బ్రహ్మకమలం అంటూ కుండీల్లో పెంచి, పూసిన రాత్రి ఇరుగుపొరుగుని పిలిచి మరీ హారతిచ్చే మొక్క ఉందే, అది దీనికి బంధువు. అదీ కాక్టస్సే. కాకపోతే దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల తడి అడవులు. చెట్టుకొమ్మల మీద హాయిగా బతుకుతుంది. దీనిది ఎడారి కాపురం. అరిజోనా, న్యూమెక్సికో, టెక్సస్‌, ఉత్తర మెక్సికో... అంతే.

అసలు సంగతంతా నేల కింద ఉంది. అక్కడ కిలోల కొద్దీ బరువుండే దుంప ఒకటి ఊరుతుంది. వానలప్పుడు తాగిన నీళ్లన్నీ అందులో దాచుకుంటుంది. అందుకే జులై వానలు ఇంకా మొదలవకముందే, నేల బొత్తిగా ఎండిపోయిన రోజుల్లో, దర్జాగా పూస్తుంది.

ఇంకో చిక్కుంది. తన పుప్పొడి తనకు పనికిరాదు. పక్క మొక్కది రావాల్సిందే. ఒక్కటే పూసి లాభమేంటి? అందుకే ఒకచోట ఉన్నవన్నీ దాదాపు ఒకే రాత్రి, లేదంటే ఒకటి రెండు రాత్రుల తేడాతో పూస్తాయి. పొడవాటి నాలుకున్న పెద్ద రెక్కల పురుగులు, హాక్‌మాత్‌లు, వాసన పట్టుకుని వచ్చి ఆ పని చేసిపెడతాయి. కాసిన ఎర్రపండ్లను పిట్టలు తిని, ఏ కొమ్మ మీదో వాలి గింజలు రాలుస్తాయి. కింద నీడలో పిల్లమొక్క లేస్తుంది. పొద ఉంటేనే రాణి!

టూసన్‌లోని టోహోనో చుల్‌ తోటలో వీటిని పెద్దసంఖ్యలో పెంచుతున్నారు. పూసే రాత్రి ముందుగా తెలియదు. మొగ్గల్ని రోజూ చూస్తూ, ఆ రోజు రాగానే కబురు పెడతారు. జనం చీకట్లో బారులు తీరి వచ్చి చూసిపోతారు.

తోటలో సరే, ఎడారిలోనే కష్టకాలం. ఇళ్ల కోసం పొదలు కొట్టేస్తున్నారు. దుంప కోసం తవ్వుకుపోయేవాళ్లు సరేసరి. అన్నిటికన్నా గడుసుది ఓ గడ్డి. బఫెల్‌ గడ్డి, మన దేశంలో అంజన్‌ గడ్డి అంటారే, అదే. పశువుల మేతకని ఇరవయ్యో శతాబ్దంలో తెచ్చి వేశారు. పొదకూ పొదకూ మధ్య ఒకప్పుడు ఖాళీ నేల ఉండేది. నిప్పంటుకున్నా ఓ పొదతో ఆగేది. ఇప్పుడా ఖాళీల్లో ఎండుగడ్డి. మంట కొండంతా పాకుతుంది. పొదలు కాలి బూడిదైన చోట ముందుగా మొలిచేది మళ్లీ ఆ గడ్డే.

టూసన్‌ పక్కనే ఉన్న సగ్వారో జాతీయ పార్కులో వలంటీర్లు గునపాలతో దాన్ని దుబ్బు దుబ్బుగా పెకలిస్తున్నారు. పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది మరి.